అమ్మతో ఫుకెట్, ఐదు రోజులు

ఫుకెట్ టికెట్లు తీశాం అనగానే ఇంట్లో, ఆఫీసులో అందరూ అడిగింది ఒకటే, "అమ్మగారిని తీసుకుని అక్కడికా?" అని. ఫుకెట్ అంటే కుర్రాళ్ళు గ్యాంగ్‌గా వెళ్ళే ఊరు అని మనవాళ్ళలో పడిపోయింది, నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ నాన్న పోయాక మూడేళ్ళుగా అమ్మ బందరు ఇల్లు వదిలి ఎక్కడికీ రాలేదు, అరవై ఆరేళ్ళు వచ్చాయి, మోకాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి, హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ ఉందమ్మా నాలుగు గంటల్లోపే దిగిపోతాం అంటే సరేనంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్పింది, "నేను సముద్రంలో దిగనే, గట్టు మీద కూర్చుంటా, బలవంతపెట్టకు" అని. ఎందుకో నాకు తెలుసు, ఆ సంగతి తర్వాత చెప్తా.

నేను, మా ఆయన, పదకొండేళ్ళ మా బాబు, అమ్మ, నలుగురం జనవరిలో వెళ్ళాం. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ఎండగా ఉంటుంది, సముద్రం కూడా ప్రశాంతం. మే నుంచి అక్టోబర్ మధ్యలో రేట్లు తక్కువే కానీ పడమటి బీచ్‌ల్లో అలలు పెద్దవైపోయి ఎర్ర జెండాలు పాతేస్తారు, పెద్దవాళ్ళతో పిల్లలతో ఆ టైమ్‌లో వద్దు.

మొదటి రోజు, శుక్రవారం

మధ్యాహ్నానికి దిగాం. మనకంటే గంటన్నర ముందుంటుంది వాళ్ళ టైమ్. అరైవల్ కార్డు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే, ప్రయాణానికి మూడు రోజుల లోపు నింపాలి, ఫ్రీ, దానికి డబ్బులడిగే సైట్లు కూడా కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి. ఎయిర్‌పోర్టు దీవికి ఉత్తరం కొసలో ఉంది, మా హోటల్ కిందకి కరోన్ బీచ్‌లో, గంటకి పైనే పట్టింది. దీవి అంటే చిన్నదనుకుంటాం కానీ ఇది థాయ్‌లాండ్ మొత్తంలో పెద్ద దీవి, 500 చదరపు కిలోమీటర్ల పైనే, మధ్యంతా పచ్చటి కొండలు, రబ్బరు తోటలు. బుకిత్ అంటే మలయ్ భాషలో కొండ, అందులోంచే ఫుకెట్ అయిందంటారు.

దారిలో ఒక రౌండ్ సర్కిల్ మధ్యలో ఇద్దరు ఆడవాళ్ళ విగ్రహాలు, చేతుల్లో కత్తులు. మా డ్రైవర్ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఇంకో చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. 1785లో బర్మా సైన్యం ఈ దీవి మీదకి వచ్చినప్పుడు ఇక్కడి గవర్నర్ అప్పుడే చనిపోయి ఉన్నాడు, ఆయన భార్య చాన్, ఆవిడ చెల్లెలు మూక్ ఇద్దరూ ఊళ్ళో ఆడవాళ్ళకి కూడా మగవాళ్ళ బట్టలేయించి సైన్యం పెద్దగా కనపడేట్టు చేసి కోట నిలబెట్టారు, బర్మా వాళ్ళు చివరికి వెనక్కి పోయారు. అప్పటి థాయ్ రాజు మొదటి రామ వాళ్ళకిచ్చిన బిరుదులు థెప్ కసత్రీ, సీ సున్తోన్. నోట్లో రెండుసార్లు అనుకుంటే అందులో దేవ, క్షత్రియ, శ్రీ, సుందర అన్నీ వినపడతాయి. భర్త పోయిన ఆవిడ యుద్ధం చేసిందా అని అమ్మ మళ్ళీ అడిగి చెప్పించుకుంది.

సాయంత్రం భోజనానికి పటాంగ్ వెళ్ళాం, ఇండియన్ హోటళ్ళు అక్కడే ఎక్కువ. అదయ్యాక బాంగ్లా రోడ్. చీకటి పడేసరికి వాహనాలు ఆపేస్తారు, ఒక కొస నుంచి ఇంకో కొసకి అర కిలోమీటరు కూడా ఉండదు, అటు చివర బీచ్. రెండు పక్కలా నియాన్ లైట్లు, ప్రతి బార్ నుంచి ఒక్కో పాట, చెవులు పగిలిపోయేంత సౌండ్. ఏడున్నర ఆ ప్రాంతంలో స్ట్రోలర్‌లో పిల్లల్ని తోసుకుంటూ వెళ్ళే కుటుంబాలు బోలెడు కనపడ్డాయి, ఆ టైమ్‌లో ఒకసారి నడిచి వచ్చేయడానికి ఇబ్బందేం లేదు. కార్డులు చూపించి షోలకి రమ్మనే మనుషులు మాత్రం వెంటపడతారు, తల అడ్డంగా ఊపి నడుస్తూనే ఉండాలి, ఆగి రేటు అడిగితే వదలరు. బార్ల ముందు హీల్స్ వేసుకుని నిలబడ్డ అమ్మాయిల్ని చూసి అమ్మ తిడుతుందేమో అనుకున్నా, తిట్టలేదు. "ఏ ఊరి పిల్లలో" అంది అంతే. చాలామంది ఈశాన్యాన ఈసాన్ అనే ప్రాంతం నుంచి వస్తారు, వరి పండించే పల్లెలు, నీళ్ళు తక్కువ, ఇళ్ళకి డబ్బు పంపడానికి ఇంత దూరం వస్తారు అని చెప్పా. గల్ఫ్‌కి పోయే మనవాళ్ళలాగా అంది. నేను ఆ రోడ్డు గురించి చదివినవన్నీ కలిపినా అంత సూటి మాట ఎక్కడా కనపడలేదు నాకు.

తిరిగి వెళ్ళేటప్పుడు ఒక టుక్‌టుక్ అతను చాలా దగ్గర దూరానికే 400 బాత్ అన్నాడు. యాప్‌లో బుక్ చేస్తే అందులో సగం పడింది. ఫోన్‌లో యాప్ పెట్టుకోండి.

రెండో రోజు, శనివారం

కారు రోజంతా మాట్లాడుకుని దక్షిణం వైపు వెళ్ళాం. ముందు వాట్ చలోంగ్. లోపలికి అడుగుపెట్టేసరికి ఢమఢమా టపాకాయలు, మా బాబు అదిరిపడ్డాడు. ఇటుకలతో కట్టిన బట్టీలాంటిది ఒకటుంది, కోరిక తీరినవాళ్ళు దండల కొద్దీ సీమటపాకాయలు కొనిచ్చి అందులో పేల్పిస్తారు, అది వాళ్ళ మొక్కు. లోపల గౌరవంగా పెట్టుకున్న విగ్రహాల్లో ముఖ్యమైనది లువాంగ్ ఫో చెమ్ అనే భిక్షువుది. 1876లో తగరం గనుల్లో పనిచేసే చైనా కూలీలు తిరగబడి ఊళ్ళ మీద పడితే జనం గుడికి పరిగెత్తారు, ఈయన గుడి వదిలి వెళ్ళకుండా అక్కడే ఉండి వాళ్ళ తలలకి మంత్రించిన గుడ్డ ముక్కలు కట్టి ధైర్యం చెప్పాడట, మూలికా వైద్యం కూడా తెలిసినవాడు. ఆయన విగ్రహానికి జనం బంగారు రేకులు అంటిస్తున్నారు, గాలికి కొన్ని రెపరెపలాడుతున్నాయి, అమ్మ కూడా ఒకటి కొని అంటించింది. పక్కనే పెద్ద చేదీ, అంటే మన చైత్యం, దాని పై అంతస్తులో బుద్ధుడి ధాతువు శ్రీలంక నుంచి తెచ్చి పెట్టారు. భుజాలు మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి, అమ్మ చీరకి ఆ బెంగే లేదు.

అక్కడి నుంచే కొండ మీద తెల్లటి బిగ్ బుద్ధ కనిపిస్తాడు, 45 మీటర్ల విగ్రహం, దీవిలో ఎటు వెళ్ళినా ఏదో ఒక మలుపులో కనపడుతూనే ఉంటాడు, మేం పైకి వెళ్ళలేదు. కరోన్ వ్యూపాయింట్ దగ్గర ఆగాం, కటా నోయ్, కటా, కరోన్ మూడు బీచ్‌లూ ఒకదాని వెనక ఒకటి నెలవంకల్లా.

సాయంత్రానికి ఫ్రోమ్‌థెప్ కేప్, దీవికి దక్షిణం కొస. సూర్యాస్తమయం కోసం జనం గుంపులు గుంపులుగా వస్తారు, గంట ముందు వెళ్తే కానీ కూర్చోడానికి చోటుండదు. ఫ్రోమ్ అంటే బ్రహ్మ, థెప్ అంటే దేవ. పేరుకి తగ్గట్టే పైన నాలుగు ముఖాల బ్రహ్మకి చిన్న గుడి, చుట్టూ భక్తులు తెచ్చి పెట్టిన ఏనుగు బొమ్మలు, వందల కొద్దీ, చెక్కవి రాతివి అరచేతిలో పట్టేవి నిలువెత్తువి. బ్రహ్మకి గుడి అంటే మనకి ఎంత అరుదో, చేబ్రోలులో ఉంది చూశా, మళ్ళీ ఇక్కడే అంది అమ్మ, ఆ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసింది, ఒక థాయ్ పెద్దావిడ కూడా ఆమెని చూసి వెనకే నడిచింది. పక్కన లైట్‌హౌస్ ఉంది, రాజు భూమిబోల్ గద్దెనెక్కి 50 ఏళ్ళయిన సందర్భంగా 1996లో కట్టింది.

రాత్రి సైమన్ కాబరే. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. స్టేజీ మీద ఆడేవాళ్ళు ట్రాన్స్ మహిళలు, అక్కడ కథోయ్ అంటారు. అమ్మని తీసుకెళ్ళాలా వద్దా అని మా ఆయన నేను మధ్యాహ్నం నుంచి గుసగుసలాడుకున్నాం, చివరికి అమ్మే "ఏంటది, డాన్సేగా, పదండి" అంది. గంట పైన షో. పెద్ద పెద్ద ఈకల కిరీటాలు, మెరిసే గౌన్లు, సెట్లు క్షణాల్లో మారిపోతాయి, చైనీస్, కొరియన్, థాయ్ పాటలు, మధ్యలో ఒక హిందీ పాట రాగానే హాల్లో సగం మంది మనవాళ్ళే కాబట్టి ఈలలు. షో జరిగేటప్పుడు ఫోటోలు తియ్యనివ్వరు, అది చాలా మంచి పని, అందరం కళ్ళతోనే చూశాం. అసభ్యం అన్నది ఎక్కడా లేదు, పిల్లలతో చూడొచ్చు.

సగంలో అమ్మ నా చెవిలో "వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ వేషం చూశానే చిన్నప్పుడు, జడ పట్టుకుని తిరిగితే ఆడవాళ్ళమే సిగ్గుపడేవాళ్ళం" అంది. కూచిపూడి మాకు దగ్గరే, అమ్మ వాళ్ళు పిల్లలుగా బండి కట్టుకుని వెళ్ళి చూసేవారట. వీళ్ళది వేషం కాదమ్మా, మేకప్ తీసేసినా వీళ్ళు అమ్మాయిలే, వాళ్ళ జీవితమే అది అని చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. షో అయ్యాక వాళ్ళందరూ బయట వరసగా నిలబడతారు, ఫోటో దిగితే టిప్ ఇవ్వాలి, వాళ్ళ సంపాదనలో అదో భాగం, ఇవ్వకుండా దూరం నుంచి జూమ్ చేసి తీసుకోవడం తప్పు, చాలామంది అదే చేస్తున్నారు. అమ్మ తనే వెళ్ళి ఆకుపచ్చ గౌన్ వేసుకున్న ఒకామె పక్కన నిలబడింది, ఫోటో అయ్యాక వంద బాత్ చేతిలో పెట్టి మన పద్ధతిలో రెండు చేతులూ ఆమె బుగ్గల దగ్గర తిప్పి మెటికలు విరిచింది. ఆ అమ్మాయికి అర్థం ఏమైందో తెలీదు కానీ రెండు చేతులూ జోడించి వంగి దణ్ణం పెట్టింది, కళ్ళు తడి అయ్యాయి. నాకూ అయ్యాయి. మన ఊళ్ళో షాపుల ముందు చప్పట్లు కొట్టుకుంటూ వచ్చే వాళ్ళని మనం ఎలా చూస్తామో గుర్తొచ్చి ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

మూడో రోజు, ఆదివారం

ఫాంగ్ ఙా బే. ఫుకెట్‌కి ఈశాన్యంగా ఉన్న అఖాతం, నీళ్ళలోంచి సున్నపురాయి కొండలు నిటారుగా లేచి ఉంటాయి, ఒక్కోటి చెట్లతో కప్పుకుపోయి కింద గుహలు. 1974లో జేమ్స్ బాండ్ సినిమా ఒకటి ఇక్కడ తీశారు కాబట్టి అందరూ ఆ పేరుతోనే పిలుస్తున్నారు, అసలు పేరు ఖావో ఫింగ్ కాన్, ఎదురుగా మేకు దిగ్గొట్టినట్టుండేది కో టాపు, టాపు అంటే మేకే. కింద సన్నం పైన లావు, 20 మీటర్ల ఎత్తు, అరిగిపోతోందని 1998 నుంచి పడవల్ని దాని దగ్గరికి పోనివ్వడం లేదు. అక్కడ రద్దీ ఎక్కువ, షాపులు ఎక్కువ, నాకు అంత నచ్చలేదు. గుహల కిందగా చిన్న రబ్బరు పడవలో పడుకోబెట్టి తీసుకెళ్తారు చూడండి, అది నచ్చింది, రాయి ముక్కుకి తగులుతుందా అన్నంత దగ్గరగా వెళ్ళి ఒక్కసారిగా చుట్టూ కొండ, పైన ఆకాశం, మధ్యలో మడ చెట్లు. కోరంగి మడ అడవులు చూసినవాళ్ళకి ఆ వేళ్ళు ఆ బురద వాసన తెలిసిందే.

మధ్యాహ్నం భోజనం కో పన్యీలో, కొండ వారగా నీళ్ళలో గుంజలు పాతి కట్టిన ముస్లిం జాలర్ల ఊరు, జావా నుంచి వచ్చిన కుటుంబాలు మొదలుపెట్టాయట. బడి, మసీదు, ఇళ్ళు అన్నీ నీళ్ళ మీదే. ఆడుకోడానికి నేల లేక 1986లో ఊరి పిల్లలు పాత చెక్కలు పోగేసి తేలే ఫుట్‌బాల్ గ్రౌండ్ కట్టుకున్నారు, మేకులు గుచ్చుకునేవి, బంతి నీళ్ళలో పడేది, అయినా ఆడి టోర్నమెంట్లకి వెళ్ళారు. ఇప్పుడు మంచి పిచ్ ఉంది. మా బాబు అక్కడి పిల్లలతో అరగంట ఆడాడు, భాష అక్కర్లేకపోయింది.

అమ్మ తిండి గురించి చాలామంది అడిగారు కాబట్టి ఇక్కడే చెప్తా. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. అక్కడ వెజిటేరియన్ అంటే చేప సాస్ వెయ్యచ్చు అనుకుంటారు, అందుకని "జే" అనాలి, జే అంటే మాంసం చేప గుడ్డు పాలు ఉల్లి వెల్లుల్లి ఏవీ ఉండవు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు, మన కంటికి 17 అంకెలా కనిపిస్తాయి, ఆ జెండా ఉన్న షాపుకి కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. ఫుకెట్‌లో చైనా వాళ్ళ తొమ్మిదో నెలలో తొమ్మిది రోజులు ఊరంతా ఇలా జే తింటారు, చాలా ఏళ్ళు అది మన దసరా నవరాత్రులతో కలిసే వస్తుంది. మేం తెచ్చుకున్న కందిపొడి, మాగాయ సగం డబ్బా అలాగే మిగిలిపోయింది.

సాయంత్రం ఓల్డ్ ఫుకెట్ టౌన్, ఆదివారం కాబట్టి థలాంగ్ రోడ్‌లో లార్డ్ యాయ్, అంటే పెద్ద సంత. ఈ ఊరికి డబ్బు టూరిస్టుల వల్ల రాలేదు, తగరం వల్ల వచ్చింది. హొక్కియెన్ చైనా వాళ్ళు గనుల కోసం వచ్చి ఇక్కడి వాళ్ళని పెళ్ళి చేసుకుని స్థిరపడ్డారు, ఆ ఇళ్ళే ఇవి, ముందు సన్నగా వెనక్కి చాలా పొడుగ్గా, కింద షాపు పైన ఇల్లు, పసుపు గులాబీ నీలం రంగులు, ముందు అరుగుల్లాంటి నడవా వీధి పొడుగునా కలిసిపోయి ఉంటుంది. మా బందరులో పాత వ్యాపారస్తుల ఇళ్ళ అరుగులు గుర్తొచ్చాయి అమ్మకి. ఆ మాటకొస్తే 17వ శతాబ్దంలో బందరు రేవు నుంచి బట్టలు నింపుకున్న ఓడలు ఈ తీరానికే పైన, ఇప్పటి మయన్మార్‌లో ఉన్న మెర్గుయికి వచ్చేవి, అక్కడి నుంచి సరుకు థాయ్ వాళ్ళ అప్పటి రాజధాని అయుత్థయకి వెళ్ళేది. అంటే మా ఊరికీ ఈ నీళ్ళకీ పరిచయం కొత్తది కాదు.

సంతలో ఓ ఎవ్ తిన్నాం, తురిమిన ఐసు కింద జెల్లీ, పైన ఎర్ర సిరప్పు, రాజ్‌మా లాంటి గింజలు. కొబ్బరి పాల అన్నంతో మామిడిపండు, అమ్మ రెండు ప్లేట్లు. బడి పిల్లలు వీధి పక్కన నిలబడి వయొలిన్ వాయిస్తున్నారు, ఒక ముసలాయన రెండు తీగల వాద్యం. నాలుగు సాయంత్రాల్లో నాకు బాగా నచ్చింది ఇదే, టికెట్ లేదు, టైమ్ లేదు, నడిచినంతసేపు నడవడమే.

నాలుగో రోజు, సోమవారం

ఫీ ఫీ దీవులు. పెద్దవాళ్ళు ఉంటే స్పీడ్ బోట్ వద్దు, నడుము విరుగుతుంది, రస్సాడా రేవు నుంచి పెద్ద ఫెర్రీ రెండు గంటలు పడుతుంది కానీ హాయి. బోటెక్కిన దగ్గర్నుంచి అమ్మ రెయిలింగ్ వదల్లేదు.

ఇప్పుడు ఆ సంగతి. 2004 డిసెంబర్ 26, ఆదివారం, పౌర్ణమి. అమ్మ వాళ్ళు వీధిలో నలుగురైదుగురు కలిసి మంగినపూడి స్నానానికి బయల్దేరారు, ఆటో దొరక్క ఆలస్యమైంది. వీళ్ళు చేరేసరికి జనం ఎదురు పరిగెత్తుకొస్తున్నారు. ముందు వెళ్ళినవాళ్ళలో మా వీధి కుర్రాడు ఒకడు తిరిగి రాలేదు. అప్పటి నుంచి అమ్మ సముద్రంలో కాలు పెట్టలేదు, కార్తీక పౌర్ణమికి కూడా ఇంట్లోనే స్నానం.

ఫీ ఫీ డాన్ దీవి మధ్యలో సన్నటి ఇసుక మెడలా ఉంటుంది, రెండు పక్కలా రెండు అఖాతాలు, ఊరంతా ఆ మెడ మీదే. ఆ రోజు నీళ్ళు రెండు వైపుల నుంచీ వచ్చి మధ్యలో కలిశాయి. థాయ్‌లాండ్ మొత్తంలో 5000 మందికి పైగా పోయారు. ఇప్పుడు ప్రతి సందులో నీలం బోర్డులు, ఎటు పరిగెత్తాలో బాణం గుర్తుతో. మా ఆయన బాబుకి చెప్తున్నాడు, సుమత్రా దగ్గర సముద్రం అడుగున తూర్పు పక్క కుంగింది పడమటి పక్క లేచింది, అందుకని ఇక్కడ ముందు నీళ్ళు వెనక్కి పోయాయి, జనం వింతగా చూస్తూ నిలబడిపోయారు, తర్వాత అల వచ్చింది, మన వైపు అలా కాదు, ముందే పొంగింది అని. అమ్మ వెనక నుంచి "అవును అల్లుడు గారూ, మా దగ్గర వెనక్కి పోలేదు, ఒక్కసారే లేచి వచ్చిందన్నారు" అంది. ఇరవై ఏళ్ళలో ఆ రోజు గురించి తనంతట తను మాట్లాడటం నేను అదే వినడం.

మాయా బేకి చిన్న పడవలో వెళ్ళాం. 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా తర్వాత అక్కడికి జనం ఎగబడి పగడాలు నాశనమయ్యాయి, 2018లో మూసేసి 2022 జనవరిలో తెరిచారు, ఇప్పటికీ ప్రతి ఏడూ ఆగస్టు, సెప్టెంబర్ మూసేస్తారు. పడవలు అఖాతంలోకి రావు, వెనక లో సమా దగ్గర దింపుతారు, చెక్క దారి మీద నడిచి రావాలి. ఈత కొట్టనివ్వరు, మోకాలి లోతు వరకే, గార్డు విజిల్ వేస్తాడు. చిన్న చిన్న సొరచేపలు మళ్ళీ వచ్చాయి, రెక్క కొసన నల్ల మచ్చ, ఒడ్డు దగ్గరే తిరుగుతున్నాయి, మనుషుల్ని ఏమీ అనవు. అమ్మ ఇసుకలో కూర్చుంది. బాబు "అమ్మమ్మా, ఇక్కడ ఎవ్వరినీ లోపలికి పోనివ్వరు, గార్డు ఉన్నాడు, రా" అన్నాడు. నేను ఏమీ అనలేదు. లేచింది. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వాడి చెయ్యి పట్టుకుని మోకాలి దాకా వెళ్ళింది, దోసిట్లో నీళ్ళు తీసుకుని మూడుసార్లు వదిలి తల మీద చల్లుకుంది. పక్కన వందమంది సెల్ఫీలు దిగుతున్నారు, ఎవరూ చూడలేదు. నేను ఫోటో తియ్యలేదు.

రాత్రి ముయ్ థాయ్, అంటే వాళ్ళ బాక్సింగ్, చూశాం, అమ్మ రూమ్‌లోనే ఉండిపోయింది. మొదలుపెట్టే ముందు తలకి దారపు కిరీటం కట్టుకుని గురువుకి దణ్ణం పెడుతూ రింగ్‌లో నాలుగు వైపులా నెమ్మదిగా చేసే నాట్యం, వెనక సన్నాయిలాంటి బూర, డప్పులు, అది ఎంతో బాగుంది. మూడేసి నిమిషాల ఐదు రౌండ్లు, దెబ్బలు వేగం అందుకునే కొద్దీ వాయిద్యం కూడా వేగం అందుకుంటుంది. కానీ మొదటి రెండు మ్యాచ్‌లు పిల్లలవి, పన్నెండు పదమూడేళ్ళు ఉంటాయేమో, మోకాలితో కడుపులో కొట్టుకుంటుంటే చుట్టూ పందేల అరుపులు. అది నేను చూడలేకపోయా, మావాడి వయసే కదా. పిల్లల మ్యాచ్‌లు అయ్యాక వెళ్ళేట్టు టైమ్ చూసుకోండి.

ఐదో రోజు, మంగళవారం

ఫ్లైట్ మధ్యాహ్నం, పొద్దున్నే ఖాళీ చేసి మాయ్ ఖావో బీచ్‌కి వెళ్ళాం, ఎయిర్‌పోర్టు రన్‌వే చివరన ఉంటుంది, విమానాలు నెత్తి మీదుగా దిగుతాయి. పొడవాటి బీచ్, షాపులు లేవు, గొడుగులు లేవు, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు. 2004లో ఈ బీచ్‌లోనే టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ ఇంగ్లీష్ అమ్మాయి నీళ్ళు నురగలు కక్కడం చూసి, రెండు వారాల ముందు బళ్ళో జాగ్రఫీ క్లాసులో విన్న పాఠం గుర్తొచ్చి, సునామీ వస్తోందని గొడవ చేసి అమ్మానాన్నల్ని, బీచ్‌లో వాళ్ళని బయటికి పంపించింది. వందమంది దాకా బతికారు. బాబుకి ఆ కథ అక్కడే నిలబెట్టి చెప్పాను. వాడు కాసేపు అలల వైపే చూశాడు.

"బందరు ఎటు వైపురా?" అంది అమ్మ. వాడు ఫోన్‌లో దిక్సూచి తీసి, మ్యాప్ పెట్టి, అటూ ఇటూ తిరిగి, సముద్రానికి ఎదురుగా కొంచెం కుడి పక్కకి చెయ్యి చూపించాడు. మధ్యలో అండమాన్ తప్ప ఇంకేం లేదు అమ్మమ్మా, అంతా నీళ్ళే అన్నాడు. ట్యాక్సీ వచ్చేదాకా అమ్మ అటే చూస్తూ నిలబడింది, చెప్పులు చేతిలో పట్టుకుని, పాదాల మీదకి అల వచ్చి పోతుంటే.